సూర్యుడు ఎడమకి నడిచిన వారం

మంచులంక పరిశీలన గది దినచర్య. రాస్తున్నది పరిశీలకురాలు నూకరత్నం.

చీకటి 41

అయస్కాంతం గది తలుపు మీద పేరుకున్న మంచు గీకి లోపలికి వెళ్ళేసరికి వెలుగుచుక్క కొలబద్ద మధ్యలో బుద్ధిగా కూర్చుని ఉంది. గదిలో ఉన్నది పట్టుదారానికి వేలాడే ఒక అయస్కాంతం, దానికి అంటించిన చిన్న అద్దం, ఆ అద్దం మీద పడి ఎదుటి గోడకి చేరే దీపపు వెలుగు. అంతే. భూమి అయస్కాంతం చెదిరితే గోడ మీది చుక్క చెదురుతుంది. ఇవాళ చెదరలేదు. "ప్రశాంతం" అని రాశాను.

ఐదు రోజుల తర్వాత ఇవాళే దక్షిణం నుంచి తంతి కేబుల్ పలికింది. నేరేడుమెట్ట మీద తుపాను మబ్బు విడిపోయిందట. అక్కడ మంగతాయారు గారు రోజూ పొద్దున్నే దుర్భిణిలోంచి తెల్లకాయితం మీద పడే సూర్యబింబాన్ని చూసి మచ్చలు గుర్తిస్తారు. బింబాన్ని గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఎన్ని మచ్చలున్నాయో అంకెల్లో పంపుతారు. మాకిక్కడ కార్తీకం చివర మునిగిన సూర్యుడు మాఘం వస్తేగాని లేవడు. అందుకని చలికాలమంతా నేను చూడని సూర్యుడి గురించి ఊరికి చెప్పాలి. జీతం దానికే ఇస్తున్నారు.

అంకెలు అందగానే గది ముందు నడవలో ముగ్గు వేశాను. మా రెండు స్టేషన్లలోనూ ఇదే పద్ధతి. చదువురాని వాళ్ళు ఎక్కువున్న రోజుల్లో మొదటి పరిశీలకులు మొదలుపెట్టారట. నల్లరాయి నేల మీద ముగ్గుపిండి గుండ్రంగా పరిచి, మచ్చలున్న చోట వేలికొసతో పిండి తుడిచేస్తే కింద నలుపు కనపడుతుంది. వంటశాలకి వెళ్ళే వాళ్ళందరూ దీన్ని దాటుకునే వెళ్ళాలి.

ఇవాళ కుడి అంచు దగ్గర పెద్ద గుంపు. తొమ్మిది మచ్చలు. సూర్యుడు తిరుగుతుంటే మచ్చలు ఎడమ అంచున పుట్టుకొచ్చి, రెండు వారాలు నడిచి, కుడి అంచున దిగిపోతాయి. కాబట్టి ఈ గుంపు మబ్బు పట్టిన రోజుల్లో మధ్యలో ఎక్కడో పెరిగి, ఇప్పుడు వెళ్ళిపోతోంది. ఒక్కటే వింత. గుంపుల్లో పెద్ద మచ్చ ముందు నడుస్తుంది, చిన్నవి వెనక వస్తాయి. ఇందులో పెద్దది వెనక ఉంది. అరుదుగా అలా కూడా ఉంటుందని చదివాను. వ్యాఖ్యలో రాసి ఊరుకున్నాను.

వంటశాలలో అమ్మ అడిగింది. మా అమ్మ అప్పాయమ్మ, నారింటి పెద్ద. ఈ ఊరు తినే వరి మొత్తం అమ్మ చేతుల మీదుగా మొలకెత్తాల్సిందే.

"ఇత్తనం నానేసి ఉంచాను. మొలక్కి మండె కట్టమంటావా, ఆగమంటావా?"

"కట్టేయమ్మా. పెద్ద గుంపు వెళ్ళిపోతోంది. పది రోజులు భయం లేదు."

పక్కన పళ్ళెం తుడుస్తున్న బుల్లెమ్మ పిన్ని నవ్వింది. "సోదమ్మ సెప్పిందిగా అక్కా, ఇంకేం, గంపలెత్తు."

నన్నిక్కడ అందరూ సోదమ్మ అంటారు. నా ముందు పనిచేసిన ఆయన రెండుసార్లు సూర్యుడి నుంచి గట్టిగా తుపాను వస్తుందని చెప్పి కరెంటు లైను ఆపించాడు. రెండుసార్లూ రాలేదు, రెండుసార్లూ నారు చచ్చింది. ఆ ఏడు చేపలూ నాచూ తిని బతికాం. నాకప్పుడు పన్నెండేళ్ళు.

చీకటి 43

నిన్న అక్కడ మబ్బు. ఇవాళ్టి అంకెలు రాగానే ముగ్గు వేసి కాసేపు నిలబడిపోయాను. గుంపు ఇంకా కుడి పక్కనే ఉంది. దిగిపోలేదు సరికదా, అంచు నుంచి లోపలికి వచ్చింది.

కొలవడంలో పొరపాటు అనుకున్నాను. అంచు దగ్గర గళ్ళు ఇరుకుగా ఉంటాయి, ఎవరికైనా తప్పుతుంది.

అమ్మ గోనెలో కట్టిన విత్తనం మండె విప్పింది. మొలక బాగా వచ్చిందట. ట్రేలలో చల్లేశారు.

చీకటి 44

ఇంకో గడి లోపలికి.

చిన్న మచ్చలు రెండు అడుగున వేరుగా ఉన్నాయి. అవి కూడా ఎడమకే జరిగాయి. ఒక్క గుంపు వెనక్కి నడిస్తే దాని పక్కన కొత్త మచ్చలు పుట్టి, మధ్యభాగం జరిగినట్టు కనపడుతోందని సర్దిచెప్పుకోవచ్చు. అన్నీ కలిసి వెనక్కి నడిస్తే ఏం చెప్పుకోను?

లైను ఇన్‌ఛార్జి ఏసుపాదం బాబాయ్ టీ గ్లాసుతో వచ్చి ముగ్గు పక్కన నిలబడ్డాడు.

"ఏంటి సోదమ్మా, దిగులుగా ఉన్నావు?"

"సూర్యుడు వెనక్కి తిరుగుతున్నాడు బాబాయ్."

"రివర్సు గేరేశాడా?" టీ ఊదుకుని తాగాడు. "ఏం మర్సిపోయాడో పాపం ఎనకాల."

నవ్వొచ్చింది కానీ నిద్ర రాలేదు. నిజంగానే అలా జరుగుతుందా? లోపల ఎక్కడో పొరలు వేరే వేగంతో తిరుగుతాయని చదివాను. చదివినవన్నీ కలిపినా వెనక్కి నడిచే సూర్యుడు ఎక్కడా లేడు. అయినా నాకు భయంకంటే ఆశే ఎక్కువగా ఉంది, ఇంతవరకూ ఎవరూ చూడనిది నా ముగ్గులోకి వచ్చిందేమోనని. మా ఇంట్లో అక్షరం దిద్దిన మొదటి మనిషిని నేను. ఇలాంటి ఆశ పుట్టడం తప్పు కాదనుకుంటాను.

కేబుల్‌లో అడిగాను. మాకు రోజుకి ఒక్కసారే మాట్లాడే వంతు. "దుర్భిణిలో అద్దం గాని, కటకం గాని మార్చారా? మచ్చలు కుడి నుంచి ఎడమకి నడుస్తున్నాయి."

చీకటి 45

మంగతాయారు గారి జవాబు: "ఏమీ మార్చలేదు. కాయితం మీద గుర్తించేదీ నేనే, ముగ్గు వేసేదీ నేనే. ఇక్కడ మచ్చలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. మీ ఊళ్ళో చీకటి ఎక్కువై కళ్ళు తిరుగుతున్నాయేమో చూసుకోండి."

ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. గొంతు కూడా వినలేదు. అయినా ఆ చివరి మాట ఎలా అని ఉంటారో నాకు వినపడింది.

అంకెలతో ముగ్గు వేశాను. ఇంకో గడి ఎడమకి.

ఆవిడ దగ్గర సరిగ్గా నడుస్తున్నది నా దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతోంది. అంటే తప్పు సూర్యుడిది కాదు. కొంచెం నిరాశపడ్డాను, రాయక తప్పదు. మధ్యలో కేబుల్ ఉంది. కానీ కేబుల్ చెడితే అంకెలు ఎలా పడితే అలా చెదరాలి, ఇంత వరసగా ఎందుకు తిరగబడతాయి?

అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మాత్రం మారాయా అని పాత బొమ్మలతో పోల్చాను. సరిపోలేదు. తుపానుకి ముందు నుంచి ఉన్న ఆ రెండు చిన్న మచ్చలు అప్పుడు బింబం పైసగంలో ఉండేవి. ఇప్పుడు కిందిసగంలో ఉన్నాయి. అద్దమైతే పైది పైనే ఉండాలి.

చీకటి 46

ఇవాళ నడవ తలుపు గడ్డకట్టి బిగుసుకుపోయింది. వంటశాల నుంచి తిరిగి రావడానికి చేపల గది వైపు నుంచి చుట్టూ తిరిగి, రోజూ నేను ముగ్గు వేయడానికి కూర్చునే చోటుకి సరిగ్గా ఎదుటి వైపు నుంచి వచ్చాను.

ముగ్గు దగ్గర ఆగాను.

అక్కడి నుంచి చూస్తే గుంపు ఎడమ పక్కన ఉంది. పెద్ద మచ్చ ముందుంది, చిన్నవి దాని వెనక నడుస్తున్నాయి. విడి మచ్చలు రెండూ పైన ఉన్నాయి, ఉండాల్సిన చోట. నిన్నటి చోటు, మొన్నటి చోటు గుర్తు తెచ్చుకున్నాను. అన్నీ ఎడమ నుంచి కుడికి, చక్కగా, పుస్తకంలో ఉన్నట్టు వస్తున్నాయి.

నేలమీద గొంతుక్కూర్చున్నాను. బుల్లెమ్మ పిన్ని కూరగిన్నెతో వస్తూ, "ఏమే, కళ్ళు తిరిగినయ్యా?" అంది.

"కాదు పిన్నీ. ముగ్గే తిరిగింది."

"ముగ్గు తిరగడవేంటే? ముగ్గుకి తలా కాళ్ళూనా?"

అదే సంగతి. ముగ్గుకి తలా కాళ్ళూ ఉండవు. వాకిట్లో వేసిన ముగ్గుని ఇంట్లోంచి చూసినా ఒకటే, వీధిలోంచి చూసినా ఒకటే. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఎవరికీ ఇది వీధి వైపా, గడప వైపా అన్న అనుమానం రాదు. సూర్యుడికి మాత్రం తలా కాళ్ళూ ఉన్నాయి. నేరేడుమెట్ట వాకిట్లో వేసిన ముగ్గుని ఎవరో వీధి వైపు నుంచి చూసి అంకెలు పంపుతున్నారు.

ఇది నిజమైతే గుంపు వెళ్ళిపోవడం లేదు. మొన్ననే వచ్చింది. ఇప్పుడు మధ్యకి చేరుకుంటోంది, అంటే మనకి ఎదురుగా. పది రోజులు భయం లేదని నేను చెప్పినప్పుడు అది అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టింది.

కేబుల్ వంతు రాగానే ఒకటే ప్రశ్న పంపాను. "అంకెలు కొట్టేది ఎవరు? ముగ్గుకి ఏ పక్క నుంచి చూస్తున్నారు?"

చీకటి 47

జవాబు పొడుగ్గా వచ్చింది.

"పాత గుమస్తా తుపానుకి ముందు మానేశాడు. కొత్తాయన కిటికీ మా వాకిలికి ఎదురు, వీధికి అవతల. నేను కాయితం పట్టుకుని బురదలో రోడ్డు దాటక్కర్లేకుండా తనే కిటికీలోంచి ముగ్గు చూసి కొట్టేస్తున్నాడు. మంచివాడని సంతోషించాను. ఇప్పుడు వెళ్ళి ఆ కిటికీ దగ్గర నిలబడి వచ్చాను. నీ మాట నిజం. కళ్ళు తిరిగాయన్నందుకు ఏమీ అనుకోకు అమ్మాయ్. ఇంకో సంగతి. ఇవాళ పొద్దున బొమ్మ గీస్తుంటే గుంపు నడిమధ్య తెల్లటి మెరుపు కనపడింది. పాలు కాగి పొంగే అంతసేపు ఉండి ఆరిపోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు."

రెండుసార్లు చదివాను. అంత మెరుపు మెరిస్తే దాని వెంట సూర్యుడు విద్యుత్తు నిండిన కణాల మబ్బుని విసురుతాడు. అది ఇక్కడికి చేరడానికి ఒకటిన్నర రోజు, రెండు రోజులు, ఒక్కోసారి మూడు. ఒక్కోసారి పక్కనుంచి పోతుంది. తగిలితే భూమి అయస్కాంతం ఊగుతుంది, నేలలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు దూరాన ఉన్న డ్యాం నుంచి మా దాకా వచ్చే ఒంటరి లైనులోకి ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్‌ని లోపల్నుంచి కాల్చేస్తుంది. మాకున్నది ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. కొత్తది ఓడలో రావాలంటే రెండేళ్ళు. ఈ చలిలో కరెంటు లేకుండా రెండేళ్ళు ఇక్కడ ఎవరూ ఉండలేరు, ఊరు వదిలేయాలి.

ముందే లైను విడదీసి ఉంచితే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏమీ కాదు. కానీ నారింట్లో హీటర్లు ఆగిపోతాయి.

అయస్కాంతం కదిలాక ఆపుదామంటే కుదరదు. లైను విడదీసే ఏబీ స్విచ్ ఊరి బయట వాలు మీద ఉంది. గాలిలో అక్కడికి చేరడానికి అరగంట, మంచు కొట్టి స్విచ్ లాగడానికి ఇంకో అరగంట. తుపాను అంతసేపు ఆగదు.

ఏసుపాదం బాబాయ్ అంతా విని గడ్డం గోక్కున్నాడు. ఈసారి జోకు వేయలేదు. "ఎల్సీ కాయితం రాత్తాను పద," అన్నాడు. లైను ఆపడానికి ఇచ్చే అనుమతిని ఇక్కడ ఎల్సీ అంటారు. దాని మీద రెండు వేలిముద్రలు పడాలి, పరిశీలకురాలిదీ, నారింటి పెద్దదీ. నారు రెండుసార్లు చచ్చాక పెట్టుకున్న నియమం. సంతకం వచ్చినా నేను కూడా వేలిముద్రే వేయాలి.

నారింట్లో గులాబీరంగు దీపాల కింద ట్రేలు అరలు అరలుగా ఉన్నాయి. నారు వేలెడు ఎత్తు లేచింది. లేత పచ్చ. వెచ్చటి తడిమట్టి వాసన. అమ్మ నీళ్ళు చిలకరిస్తోంది.

"మొన్న మండె కట్టమంది నువ్వే కదే."

"నేనే. ముగ్గు తలకిందులుగా చూశాను."

అమ్మ చిలకరించడం ఆపలేదు. "ఆపితే ఎంతసేపు?"

"రేపు పొద్దున్నించి. ఒక రోజు. ఇంకా ఎక్కువ కావచ్చు."

"వత్తదని నీకు నిజంగా తెలుసా?"

తెలుసని చెప్పాలని నోటిదాకా వచ్చింది. "తెలీదమ్మా. రావడానికే ఎక్కువ ఉంది. పక్కనుంచి పోవడానికి కూడా ఉంది."

అమ్మ చెంబు కింద పెట్టి, ట్రేల వరసలన్నీ ఒకసారి చూసింది. తడి వేలు కొంగుకి తుడుచుకుని, బాబాయ్ చాపిన సిరాడబ్బాలో ముంచింది.

"ఈ ట్రేలు ఇక్కడుంటే సచ్చిపోతాయి. ఇంటింటికీ పంచెయ్యాలి. మడుసులు పడుకునే గదుల్లో, దుప్పట్ల కింద. ఏసుపాదం, నీ ఇంటికి నాలుగు."

"మా ఆవిడ నన్ను బయట పడుకోబెడద్ది అప్పాయమ్మా."

"పడుకో."

చీకటి 48

పొద్దున్నే లైను ఆపారు. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ హీటర్ల మూలుగు ఇన్నాళ్ళూ వింటున్నానని అది ఆగాకే తెలిసింది.

చేపనూనె దీపాల వెలుగులో ఇంటింటికీ ట్రేలు మోశాం. బుల్లెమ్మ పిన్ని రెండు ట్రేలు మంచం మీద పెట్టుకుని మీద బొంత కప్పింది. "నా కొడుకుని కూడా ఇలాగ పడుకోబెట్టలేదే తల్లీ. ఇవి పాలు అడగవు, అదొక్కటే నయం."

అయస్కాంతం గదిలో చుక్క కదల్లేదు. మధ్యాహ్నం చూశాను. సాయంత్రం చూశాను. పడుకోబోయే ముందు చూశాను. అంత నిదానంగా ఈ చలికాలంలో ఎప్పుడూ లేదు.

వంటశాలలో చల్లటి గంజి పోశారు. ఒక మూల ఎవరో సోది చెప్పే రాగం తీశారు, పక్కవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. నేను గంజి తాగేసి గిన్నె కడిగి వచ్చాను.

ఒక సంగతి ఆలోచిస్తున్నాను. ఆ మబ్బు ఇప్పుడు సూర్యుడికీ మనకీ మధ్య ఎక్కడో ఉంది. లేదా లేదు. దాన్ని దారిలో చూసే యంత్రాలు ఒకప్పుడు ఆకాశంలో ఉండేవట. అవి పని చేసే రోజుల్లో నాలాంటి వాళ్ళకి ఈ ఒక్క రోజు ఎలా గడిచేదో. గంట ముందు తెలిసేదని చదివాను. గంట దొరికితే చాలు, స్విచ్ దాకా వెళ్ళొచ్చు.

చీకటి 49

ఎల్సీ ఒక్కరోజుకే చెల్లుతుంది. పొద్దున్నే ఏసుపాదం బాబాయ్ కొత్త కాయితంతో గది ముందు నిలబడ్డాడు. అమ్మ అప్పటికే ఇళ్ళన్నీ తిరిగి వచ్చింది.

"కొసలు పసుపెక్కుతున్నాయి. ఇంకో పూట ఆపితే మూడో వంతు పోద్ది. సాయంత్రం దాకా ఆపితే ఎంత పోద్దో సెప్పలేను."

"చుక్క కదిలిందా?" అన్నాడు బాబాయ్.

"లేదు."

"జనం అడుగుతున్నారమ్మాయ్. నేనేం సెప్పను?"

నా ముద్ర వేశాను. తర్వాత అమ్మతో అన్నాను, "నీ ముద్ర నీ ఇష్టమమ్మా. నువ్వు వెయ్యకపోతే లైను కలిపేస్తారు. అప్పుడేమైనా తప్పు నీది కాదు."

"తప్పెవరిదో నారుకేం తెలుసు?" అంది అమ్మ. కాయితం తీసుకోలేదు. "ఆ మచ్చలు ఎటు నడిసినాయో నాకోసారి సూపించు."

ఇన్నేళ్ళుగా ఈ నడవలో నడుస్తూ అమ్మ ఒక్కసారి కూడా ముగ్గు దగ్గర ఆగలేదు. పిండి డబ్బా తెచ్చి, అమ్మ ముందు కూర్చుని, కేబుల్ పంపిన అంకెలు పంపినట్టే రోజుకొక సూర్యుణ్ణి వేశాను, వరసగా. అమ్మ ఒక్కోదాని ముందూ వంగి చూసింది. తర్వాత లేచి, చీర అంచు పిండికి తగలకుండా ఎత్తిపట్టుకుని, చుట్టూ తిరిగి అవతలి పక్కకి వెళ్ళింది. మొదటి సూర్యుడి నుంచి చివరి దాకా మెల్లగా నడిచింది. మళ్ళీ వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది.

"ఈ పక్కనుంచే నిజం," అంది. "పెద్దది ముందు, పిల్లలు ఎనకాల. అటునుంచి సూత్తే తల్లి ఎనక్కి నడుత్తున్నట్టుంది. అలాగ ఏదీ నడవదు."

"మెరుపు కూడా మెరిసింది."

"ఎక్కడ?"

చూపించాను. అమ్మ ఆ చోటుని చూసి, వేలు సిరాలో ముంచి కాయితం మీద నొక్కింది.

"సాయంత్రం దాకా ఉంచు ఏసుపాదం. ఆ పైన నన్ను అడగొద్దు."

మధ్యాహ్నం గంజి వేళకి అయస్కాంతం గదిలోకి వెళ్ళాను. చుక్క కొలబద్ద మధ్యలో ఉంది. దీపంలో నూనె పోద్దామని వంగాను. లేచేసరికి చుక్క లేదు.

దీపం ఆరిందనుకున్నాను. ఆరలేదు. వెతికితే చుక్క కొలబద్ద దాటి, గోడ మూల దాటి, పక్కగోడ మీద ఉంది. చూస్తుండగానే వెనక్కి పరిగెత్తి రెండో పక్క గోడ ఎక్కింది. నేను దాని వెంట తల తిప్పుతూ నిలబడ్డాను. టైము రాయాలని కాసేపటి వరకూ గుర్తు రాలేదు.

బయటికి వచ్చేసరికి ఊరంతా బయటే ఉంది. ఆకుపచ్చ వెలుగు మాకు ప్రతి చలికాలం మామూలే, పిల్లలు కూడా తలెత్తి చూడరు. ఇవాళ నడినెత్తి నుంచి దక్షిణం అంచు దాకా ఎరుపు. మంచు మీద మా నీడలు పడ్డాయి.

ఏసుపాదం బాబాయ్ నన్ను చెయ్యి పట్టుకుని స్విచ్ దగ్గరికి లాక్కెళ్ళాడు. అప్పటికే అక్కడ క్రిస్మస్‌కి వాళ్ళింటికి కట్టిన బల్బుల తోరణం తెచ్చి, పొడుగు కర్రతో ఒక కొస డ్యాం వైపు నుంచి వచ్చే చచ్చిన లైనుకి తగిలించి, రెండో కొస నేలలోకి దింపి ఉన్నాడు.

"డ్యాం దగ్గర మిషన్లు ఆపేశారు. ఈ తీగలో ఏవీ లేదు. సూడు."

బల్బులు వెలుగుతున్నాయి. ఆకాశంలో ఎరుపు చిక్కబడితే అవీ మెల్లగా చిక్కబడ్డాయి. అది పలచనైతే అవీ పలచనయ్యాయి. జనం ఒకసారి బల్బుల్నీ, ఒకసారి ఆకాశాన్నీ చూస్తూ నిలబడ్డారు. సోది రాగం తీసిన వాళ్ళు కూడా అక్కడే ఉన్నారనుకుంటాను, చీకట్లో మొహాలు తెలియలేదు.

"ఇదంతా ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎల్లేది," అన్నాడు బాబాయ్.

సాయంత్రం కేబుల్ పలికింది. "బ్యాటరీ తీసేశాం. అయినా నీతో మాట్లాడగలుగుతున్నాం. ఈ కరెంటు ఎవరిదో నాకు తెలీదు. ఇక్కడ ఉత్తరాన ఆకాశం ఎర్రబడితే అడవి అంటుకుందని జనం బిందెలు పట్టుకుని పరిగెత్తారు. అక్కడెలా ఉంది? నారు ఎలా ఉంది? మంగతాయారు."

నా వైపు కూడా బ్యాటరీ తీసేసి జవాబు కొట్టాను. "ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది. నారు ఇంకా చూడలేదు. మీ మెరుపు ఇక్కడికి చేరింది." మీట నొక్కినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ లేచింది.

చీకటి 50

చుక్క కొలబద్ద మీదికి దిగింది. ఇంకా వణుకుతోంది, కానీ కొలవగలిగేంత. మధ్యాహ్నం లైను కలిపారు. హీటర్లు మూలగడం మొదలుపెట్టాయి. స్తంభం మీద ఒక పింగాణీ బుడ్డి పగిలింది, అంతే.

ట్రేలు వెనక్కి వస్తున్నాయి. కొన్ని పచ్చగా ఉన్నాయి. కొన్ని తడిసిన కాయితంలా వాలిపోయాయి. బుల్లెమ్మ పిన్ని ట్రేలు రెండూ బతికాయి. వాటిని ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకొచ్చి అరలో పెట్టింది.

చీకటి 52

సగం కంటే కొంచెం తక్కువ పోయింది. అమ్మ చచ్చిన ట్రేలు దులిపి మట్టి కుప్ప పోసింది. నేను సాయం చేశాను. ఈ ఏడు పూటకి సగం అన్నం, సగం నాచు తినాలని ఊరికి నిన్ననే చెప్పారు.

అది అయ్యాక అమ్మ నా గదికి వచ్చింది. భుజాన విత్తనం సంచి ఉంది. నానబెట్టకుండా దాచిన ఆఖరి సంచి. లోపలికి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక తలుపు పక్కనే నిలబడింది. స్టూలు జరిపాను. కూర్చోలేదు.

"ఇది కూడా నారు పోత్తే పోయిన దాంట్లో కొంత తిరిగొత్తది. ఇప్పుడు నానబెట్టనా?"

"ఆ గుంపు ఇంకా మన వైపే ఉంది. ఇంకో మూడు రోజులకి కుడి అంచున దిగుతుంది."

"దిగాక?"

"వెనక పక్కన రెండు వారాలు. తర్వాత మళ్ళీ ఎడమ అంచున వస్తుంది, అప్పటికి బతికి ఉంటే."

"బతుకుద్దా?"

"తెలీదు."

"వత్తే మళ్ళీ ఇలాగే సేత్తదా?"

"అదీ తెలీదమ్మా. కొన్ని కరిగిపోతాయి. కొన్ని పెరిగి వస్తాయి. వెనక ఉన్నన్నాళ్ళూ ఎవరికీ కనపడదు."

అమ్మ సంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "దాని ఎనకాల ఇంకోటి ఉండొచ్చా?"

ఆ ప్రశ్న నన్ను పరీక్షలో కూడా ఎవరూ అడగలేదు. "ఉండొచ్చు," అన్నాను. "ఇప్పటికి ఎడమ అంచు ఖాళీగానే ఉంది. మంగతాయారు గారు ఇప్పుడు కాయితం పట్టుకుని తనే రోడ్డు దాటుతున్నారు. రోజూ చెప్తారు. ఆ గుంపు తిరిగొచ్చే వేళకి మనకి కూడా సూర్యుడు లేస్తాడు. కొండ అంచు మీద కాసేపే ఉంటాడు, కానీ నా దుర్భిణికి చాలు. అప్పుడు నేనే చూస్తాను."

"అప్పుడు పోత్తే పంట ఆలీసం అవుద్ది."

"అవుతుంది."

"ఇప్పుడు పోత్తే?"

"నారు ఇంకా ట్రేల్లో ఉండగానే ఆ గుంపు మళ్ళీ మొహం చూపిస్తుంది. చూపిస్తే."

అమ్మ అయస్కాంతం గది వైపు చూసింది, గోడ మీద వరసగా తగిలించిన పాత బొమ్మల్ని చూసింది.

"నీ ముందున్నాయన ఉన్నాడే," అంది చివరికి. "ఏదడిగినా తెలుసనే సెప్పేవోడు. వత్తదీ అంటే వత్తదీ. అడిగినోళ్ళకి కోపవొచ్చేది. నువ్వు ఇందాకటి నించీ ఎన్నిసార్లు తెలీదన్నావు?"

"రెండుసార్లో మూడుసార్లో."

"మ్."

సంచిని భుజం మీంచి దింపింది. మూతికి కట్టిన తాడు వదులైతే విప్పి, మళ్ళీ గట్టిగా రెండు ముళ్ళు వేసి, నా బల్ల కింద తడి తగలని మూలకి నెట్టింది.

"ఇది ఇక్కడే ఉండనీ. నువ్వు నీ కళ్ళతో సూశాకే నానేత్తాను," అని చెప్పి, నారింట్లో పని ఉందని వెళ్ళిపోయింది.